కార్బురేటర్ ఆఖరున విప్పండి, విప్పితే పూర్తిగా విప్పండి

నమస్కారమండీ. వెనక వరసల్లో కూర్చున్నవాళ్లు వీలైతే ముందుకి రండి. ఇవాళ నేను చూపించబోయేవి చాలా చిన్న వస్తువులు, కొన్నిటికి ఉన్న కన్నంలో గుండుసూది మొన కూడా కష్టంగా దూరుతుంది. రోడ్డు మీద బండి ఆగితే దిగి పక్కన నిలబడతాం. నీళ్ల మీద పడవ ఇంజిన్ ఆగితే గాలి ఎటు తోస్తే అటు పోవాల్సిందే. ఆ ఆగడం చాలాసార్లు ఇంత చిన్న కన్నంతో మొదలవుతుంది, అందుకే ఇంత పట్టుగా చెబుతున్నాను.

ఇదిగో, పెట్రోల్‌ని గాలిలో కలిపి ఇంజిన్‌కి అందించే ఈ కార్బురేటర్‌ని నిలువునా రంపంతో కోయించాను. బయట నుంచి చూస్తే ఒక పెద్ద గొట్టం, కింద ఒక గిన్నె, అంతే కనపడుతుంది. కోసి చూస్తే గోడల్లోపల ఎన్ని సన్నటి దారులున్నాయో చూడండి, ఒకటి కిందికి దిగి, అడ్డంగా తిరిగి, మళ్లీ పైకి లేచి, గాలి దారిని తెరిచి మూసే థ్రాటిల్ ప్లేటు పక్కన తేలుతుంది. మూతి దగ్గర నుంచి స్ప్రే కొడితే శుభ్రమైపోయిందనుకునేవాళ్లు ఈ కోసిన ముక్కని ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడాలి. ఆ స్ప్రే ఈ దారుల్లోకి అసలు వెళ్లదు, పెద్ద గొట్టాన్ని మాత్రం తళతళలాడించి పోతుంది.

ఇవాళ నేను చెప్పేది రెండే మాటలు. ఇంజిన్ మొరాయిస్తే కార్బురేటర్ మీద చెయ్యి ఆఖరున వెయ్యండి. వేశాక మాత్రం సగంలో ఆపొద్దు, పూర్తిగా విప్పండి. మనలో చాలామంది దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు, మొదటే విప్పుతారు, అదీ సగమే విప్పుతారు.

అది పనిచేసే తీరు మీకు తెలిసే ఉంటుంది, త్వరగా దాటేస్తాను. పిస్టన్ గాలిని లాగుతుంది. ఆ గాలి ఈ సన్నటి నడుము గుండా పోయేటప్పుడు వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది. కింద గిన్నెలో, అంటే బౌల్‌లో ఉన్న పెట్రోల్ మీద మాత్రం మామూలు గాలి ఒత్తిడే ఉంటుంది, ఆ తేడాకి పెట్రోల్ జెట్ అనే సన్నటి కన్నమున్న ఇత్తడి ముక్క గుండా పైకి లేచి గాలిలో కలుస్తుంది. ఇటలీ శాస్త్రవేత్త వెంచురి 1797లోనే దీని గురించి రాశాడు, ఆ నడుముకి ఇప్పటికీ ఆయన పేరే. లెక్క ప్రకారం ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఐడిల్‌లో అంటే థ్రాటిల్ తెరవకుండా మెల్లగా తిరిగేటప్పుడు, ఫుల్ థ్రాటిల్‌లో దీనికంటే కొంచెం ఎక్కువ పెట్రోల్ అడుగుతుంది. ఒకే జెట్ ఇన్ని రకాల అవసరాలు తీర్చలేదు కాబట్టే లోపల ఇన్ని దారులు పెట్టారు. ఐడిల్‌కి స్లో జెట్ దారి, థ్రాటిల్ కాస్త తెరిచినప్పుడు ప్లేటు అంచు దగ్గర ఒకటొకటిగా బయటపడే మూడు నాలుగు బైపాస్ కన్నాలు, పెద్ద వేగానికి మెయిన్ జెట్, చల్లని స్టార్టింగ్‌కి గాలిని తగ్గించే చోక్. వీటన్నిటికీ కింద బౌల్‌లో తేలే ఫ్లోటు ఉండి, నీడిల్ అనే మొనతో పెట్రోల్ వచ్చే కన్నాన్ని తెరిచి మూస్తూ మట్టం ఒకే చోట నిలబెడుతుంది.

ఇది గుర్తుంటే ఇంజిన్ ఏ వేగంలో ఇబ్బంది పెడుతోందో చూసి, ఏ దారి మూసుకుపోయిందో విప్పకముందే చాలావరకు చెప్పేయొచ్చు. ఐడిల్‌లో ఆగిపోతోంది, థ్రాటిల్ పెంచితే బాగానే పోతోంది అంటే స్లో జెట్ దారి. ఐడిల్ బాగుంది, కానీ గేరు వేసి థ్రాటిల్ తెరవగానే ఒక్కసారి ఊపిరాడనట్టు పడిపోయి తర్వాత అందుకుంటోంది అంటే ఆ బైపాస్ కన్నాలని అనుమానించాలి. అన్నీ బాగానే ఉన్నాయి, పెద్ద వేగం మాత్రం అందడం లేదంటే మెయిన్ జెట్, లేదా అసలు పెట్రోలే సరిపడా రావడం లేదు. వేడెక్కిన ఇంజిన్ చోక్ సగం మూస్తేనే నడుస్తోందంటే పెట్రోల్ తక్కువ అందుతోంది, లేదా ఎక్కడో గాలి దొంగతనంగా చొరబడుతోంది. నల్లటి పొగ, తడిసిన ప్లగ్గు, పెట్రోల్ వాసన, మూతిలోంచి కారడం, ఇవన్నీ ఫ్లోటు, నీడిల్ వైపు వేలు చూపిస్తాయి.

చోక్ మీద నడుస్తోంది కదా, ఈ పూటకి పని గడిచింది కదా అనుకుని వెళ్లిపోవడం చాలా ప్రమాదం. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో నూనె కూడా పెట్రోల్‌తో పాటే వస్తుంది, 50 పాళ్లు పెట్రోల్‌కి ఒక పాలు నూనె కలిపి పోస్తున్నారనుకోండి, జెట్‌లోంచి పెట్రోల్ తగ్గితే నూనె కూడా తగ్గినట్టే. ఓ పక్క మంట వేడి పెరుగుతుంది, ఇంకో పక్క పిస్టన్‌కి తడి తగ్గుతుంది. ఆ స్థితిలో ఫుల్ థ్రాటిల్ లాగితే పిస్టన్ గీసుకుపోయి పట్టేస్తుంది. కన్నం శుభ్రం చేసుకుంటే పోయే జబ్బుకి సిలిండర్ మొత్తం బలవుతుంది, ఇది చూసినప్పుడల్లా నాకు నిజంగా బాధేస్తుంది. మూడు సిలిండర్లకి మూడు కార్బురేటర్లున్న ఇంజిన్‌లో ఇది ఇంకా మోసం చేస్తుంది, ఎందుకంటే ఒకటి మూసుకుపోయినా మిగతా రెండు నడిపించేస్తాయి, మీకు కాస్త అదురు, కాస్త నీరసం తప్ప ఏమీ తెలియదు, ఆ ఒక్క పిస్టన్ మాత్రం లోపల కాలిపోతూ ఉంటుంది.

సరే, ఇప్పుడు విప్పేముందు చూడాల్సినవి.

మొదట ట్యాంకు మూత మీదున్న గాలి స్క్రూ తెరిచి ఉందో లేదో చూడండి. నవ్వొద్దు. అది మూసి ఉంటే ఇంజిన్ కొద్దిసేపు చక్కగా నడిచి, ట్యాంకులో ఒత్తిడి పడిపోయి, పెట్రోల్ రాక ఆగుతుంది, కాసేపాగి లాగితే మళ్లీ నడుస్తుంది. ఎంతమంది దీనికోసం కార్బురేటర్ విప్పి ఉంటారో! తర్వాత ప్రైమర్ బల్బు, అంటే పెట్రోల్ గొట్టం మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బుడ్డి. దాని మీద బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉండాలి, నొక్కుతూ పోతే గట్టిపడాలి. ఎంత నొక్కినా గట్టిపడకపోతే గొట్టంలో గాలి లీకుందా, బల్బు లోపలి వాల్వు పోయిందా, కార్బురేటర్‌లో నీడిల్ నిలవక పెట్రోల్ అవతలికి కారిపోతోందా చూడండి. నడుస్తుండగా బల్బు లోపలికి అణిగిపోతోందంటే ట్యాంకు వైపు ఏదో అడ్డం ఉంది.

అదే బల్బుతో ఇంకో పరీక్ష ఉంది, దయచేసి దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. పెద్ద వేగంలో ఇంజిన్ పడిపోతున్నప్పుడు ఒక మనిషి బల్బు నొక్కాలి. నొక్కగానే ఇంజిన్ తేరుకుంటే మీ కార్బురేటర్ నిర్దోషి. పెట్రోల్ పంపు పోయింది, లేదా గొట్టం లోపలి పొర ఊడి అడ్డంపడింది, లేదా ఫిల్టర్ నిండిపోయింది. ఆ పంపు చాలా ఇంజిన్లలో డయాఫ్రమ్ అనే పల్చటి పొర మాత్రమే, పిస్టన్ కిందుండే క్రాంక్‌కేసు గదిలో ఒత్తిడి హెచ్చుతగ్గులకి అది ఊగుతూ పెట్రోల్ తోస్తుంది. దానికి చిల్లు పడితే పెట్రోల్ నేరుగా ఇంజిన్‌లోకి పోతుంది, మీరు ఓవర్‌ఫ్లో అనుకుని ఫ్లోటు సరిచేస్తూ కూర్చుంటారు.

ప్లగ్గులో కరెంటు, సిలిండర్ కంప్రెషన్ అంటే పిస్టన్ గాలిని నొక్కే బలం, ఇవి రెండూ ఎలా చూడాలో మీకు తెలుసు, చెప్పను. చూడకుండా మాత్రం ముందుకి వెళ్లొద్దు. కంప్రెషన్ లేని ఇంజిన్‌కి కొత్త కార్బురేటర్ పెట్టినా ఒకటే. గాలి లీకు ఉందేమోనని కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ప్యాకింగ్ చుట్టూ ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా కార్బ్ క్లీనర్ కొద్దికొద్దిగా కొట్టి చూస్తారు, వేగం మారితే అక్కడ లీకున్నట్టు. వేడి భాగాల దగ్గర, మూసిన ఇంజిన్ గదిలో మాత్రం ఈ పని చెయ్యొద్దు, నిప్పంటుకుంటుంది.

ఇవన్నీ చూశాం, ఇక కార్బురేటరే అని తేలింది. ఇప్పుడు విప్పుదాం.

లింకులు, గొట్టాలు ఊడదీయకముందే ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. ఒకటి కంటే ఎక్కువ కార్బురేటర్లుంటే ఒక్కొక్కదాని సామాను ఒక్కో డబ్బాలో పెట్టండి, కలపొద్దు, చూడ్డానికి ఒకేలా ఉన్నా కొన్ని ఇంజిన్లలో పై సిలిండర్‌కీ కింది సిలిండర్‌కీ జెట్ సైజు తేడా ఉంటుంది. ఐడిల్‌లో పెట్రోల్, గాలి పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూని తీసేముందు లోపలికి మెల్లగా తిప్పుతూ ఎన్ని చుట్లకి తగిలిందో రాసుకోండి, మళ్లీ బిగించేటప్పుడు అక్కడి నుంచే మొదలుపెట్టాలి. తగిలిందంటే ఆపేయాలి. బిగించి నొక్కితే దాని మొన మీద గాటు పడుతుంది, అది కూర్చునే చోటు కూడా పాడవుతుంది, ఆ తర్వాత ఎన్నిసార్లు ట్యూనింగ్ చేసినా ఐడిల్ నిలబడదు.

బౌల్ తీసేటప్పుడు అందులో ఉన్న పెట్రోల్‌ని పారబోయకండి, గాజు గ్లాసులో పట్టండి. అది మీకు చాలా చెబుతుంది. అడుగున పాదరసంలా దొర్లే బొట్లు కనపడితే అవి నీళ్లు. ఆ బొట్టు ఒక్కటి జెట్ కన్నం మీద కూర్చుంటే చాలు, పెట్రోల్ దూరే కన్నంలోంచి నీటి బొట్టు అంత తేలిగ్గా దూరదు, ఇంజిన్ ఆగిపోతుంది, అటూ ఇటూ ఊగినప్పుడు బొట్టు పక్కకి జరిగి మళ్లీ నడుస్తుంది. అలా వచ్చీపోయే జబ్బుకి కారణం ఇదేనని చాలామందికి తట్టదు. ఎర్రటి పొడి ఉంటే ట్యాంకులో తుప్పు. తెల్లటి పిండి ఉంటే అల్యూమినియం తినేయబడుతోంది, ఉప్పునీళ్ల పడవల్లో ఇది ఎక్కువ. గోధుమరంగు జిగురైతే నిలవ పెట్రోల్. నల్లటి రబ్బరు నలుసులు కనపడితే గొట్టాలు లోపల కుళ్లిపోయాయి, వాటిని మార్చకుండా కార్బురేటర్ ఎన్నిసార్లు కడిగినా మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

ఇదిగో, ఈ నీడిల్‌ని, ఈ భూతద్దాన్ని ఒకరి నుంచి ఒకరికి ఇవ్వండి. మొన దగ్గర నల్లటి రబ్బరు కొస మీద చుట్టూ ఒక గీత కనపడుతోందా? సీటు, అంటే నీడిల్ మూసే కన్నం అంచు, దాని మీద ఏళ్ల తరబడి ఒకేచోట కూర్చుని అరిగిన గీత అది. వేలితో తడిమితే తెలియదు, భూతద్దంలో చూడాలి. ఆ గీత పడిన నీడిల్ పెట్రోల్‌ని పూర్తిగా ఆపలేదు. పక్కనే కొత్తది పెట్టాను, దాని వాలు ఎంత నున్నగా ఉందో పోల్చి చూడండి. సీటు విడిగా మార్చే వీలుంటే నీడిల్‌తో పాటే మార్చండి, పాత సీటు మీద కొత్త నీడిల్ సరిగ్గా కూర్చోదు.

జెట్లు విప్పేటప్పుడు స్క్రూడ్రైవర్ సరిగ్గా దాని గాడికి సరిపోవాలి. ఇత్తడి మెత్తన, గాడి చెడిందంటే బయటికి తీయడం నరకం. తీశాక వెలుతురు వైపు పట్టి చూడండి, కన్నం పూర్తి గుండ్రంగా, అంచు శుభ్రంగా కనపడాలి. సగం చంద్రుడిలా కనపడితే లోపల ఇంకా జిగురుంది. స్టీలు తీగ పెట్టి పొడవొద్దు, డ్రిల్లు బిట్టు అసలే వద్దు. చాలా కంపెనీల జెట్ల మీద వేసే నంబరు మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క, అంత సూక్ష్మంగా కొలిచి చేసిన కన్నాన్ని తీగతో గీకితే ఆ నంబరుకి అర్థం లేదు. క్లీనర్‌లో నానబెట్టండి, అవసరమైతే మళ్లీ నానబెట్టండి, దొరికితే అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో వెయ్యండి. తొందరపడకండి, ఏళ్ల తరబడి పేరుకున్న జిగురు ఒక్క తుపుక్కుకి పోదు.

నానబెట్టే ముందు రబ్బరు, ప్లాస్టిక్ సామాను మొత్తం తీసేయాలి. గాలి కొట్టేముందు ఫ్లోటు, డయాఫ్రమ్ తీసేయాలి, కంప్రెసర్ గాలికి అవి వంగుతాయి, చిరుగుతాయి. కళ్లద్దాలు తప్పనిసరి. ఒక కన్నంలో స్ప్రే కొడితే అది ఏ కన్నంలోంచి మీ కంట్లోకి వస్తుందో తెలియదు. నేను ప్రతి దారిలోనూ ఒక వైపు నుంచి స్ప్రే కొట్టి రెండో వైపు సన్నటి ధార నిటారుగా వస్తుందో లేదో చూస్తాను, రాకపోతే ఆ దారి తెరుచుకోనట్టే. మొదట పెట్రోల్ నడిచే దిక్కుకి ఎదురు దిక్కులో గాలి కొట్టండి, అడ్డంపడ్డ నలుసు వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

ఇప్పుడు ఈ చిన్న అల్యూమినియం బిళ్ల. వెల్ష్ ప్లగ్గు. బైపాస్ కన్నాలకి వెనకాల ఉన్న చిన్న గదిని ఇది మూసి ఉంచుతుంది. చాలామంది దీన్ని ముట్టుకోరు, అందుకే అన్నీ శుభ్రం చేశాం, పికప్ మాత్రం రాలేదంటూ మళ్లీ వస్తారు. కార్బురేటర్ రిపేరు కిట్‌లో కొత్త బిళ్ల ఇచ్చి ఉంటే, పాతదాన్ని పదునైన మొనతో పక్కకి పొడిచి లేపేయండి, లోతుకి మాత్రం పోవద్దు, కింద కన్నాలున్నాయి. కడిగి, కొత్తది పెట్టి, నడిమధ్య పంచ్‌తో తట్టి చదును చేసి, అంచు చుట్టూ పెట్రోల్‌కి కరగని సీలెంట్ పల్చగా రాయండి.

బిగించేటప్పుడు ఫ్లోటు మట్టం. కార్బురేటర్‌ని బోర్లా పట్టుకుంటే ఫ్లోటు దాని బరువుతో నీడిల్‌ని మూస్తుంది, అప్పుడు చాలా మోడళ్లలో ఫ్లోటు పైఅంచు, ప్యాకింగ్ కూర్చునే అంచు సమాంతరంగా ఉండాలి, కచ్చితమైన కొలత మాత్రం మీ ఇంజిన్ మాన్యువల్ చూసే పెట్టండి. మట్టం సరిచేయడానికి ఫ్లోటుకున్న చిన్న నాలుక వంచేటప్పుడు నీడిల్ మీద భారం పడనివ్వొద్దు. ఫ్లోటు బోలుదైతే చెవి దగ్గర ఊపండి, లోపల పెట్రోల్ చప్పుడైతే చిల్లు పడింది. వేడినీళ్లలో ముంచితే చిల్లున్న చోట బుడగలు వస్తాయి. బిగించాక ఇంజిన్‌కి తగిలించకముందే పెట్రోల్ వచ్చే గొట్టంలోకి నోటితో మెల్లగా ఊదండి. నిటారుగా పట్టుకుంటే గాలి పోవాలి, బోర్లా తిప్పితే ఆగాలి. ఆగకపోతే మళ్లీ విప్పండి, బద్ధకించొద్దు.

ట్యూనింగ్ ఎప్పుడూ నీళ్లలోనే. గట్టు మీద ఇంజిన్ నీళ్లు పీల్చే చోట తొడిగే రబ్బరు చెవులకి నీళ్ల పైపు తగిలించి నడిపితే చల్లదనం వస్తుంది గానీ పడవని తోసే ఫ్యాన్‌కి బరువుండదు, అక్కడ కుదిరిన ఐడిల్ నీళ్లలో గేరు వేయగానే చచ్చిపోతుంది. నీళ్లే లేకుండా మాత్రం క్షణం కూడా నడపొద్దు, వాటర్ పంపు రబ్బరు మాడిపోతుంది. పడవని గట్టిగా కట్టి, ఇంజిన్ బాగా వేడెక్కాక, గేరులో పెట్టి, స్క్రూని చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున తిప్పి, ప్రతిసారీ కొన్ని క్షణాలు ఆగాలి. పెట్రోల్ తగ్గే వైపు తిప్పుతూ పోతే ఒకచోట ఇంజిన్ కార్బురేటర్ మూతిలోంచి తుమ్మినట్టు టప్‌మంటుంది. అక్కడి నుంచి కొంచెం వెనక్కి, పెట్రోల్ పెరిగే వైపు. ఏ వైపు తిప్పితే పెరుగుతుందన్నది స్క్రూ ఉన్న చోటుని బట్టి చాలావరకు తెలుస్తుంది. థ్రాటిల్ ప్లేటుకీ ఇంజిన్‌కీ మధ్య ఉంటే పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది. ప్లేటుకి ఇవతల, గాలి వచ్చే వైపు ఉంటే గాలి స్క్రూ, బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది.

(సభలోంచి ఒక ప్రశ్న: పడవ చాలా రోజులు వాడకపోతే ఏం చెయ్యాలి? గొట్టం పీకేసి ఆగేదాకా నడిపిస్తే చాలదా?)

చాలదండీ. ఆగేదాకా నడిపినా జెట్‌కి అందని పెట్రోల్ బౌల్ అడుగున మిగిలిపోతుంది, పైగా ఆ చివరి క్షణాల్లో టూ స్ట్రోక్‌కి నూనె కూడా అందదు. బౌల్ అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, అది తిప్పి దించేయడమే మేలు. నిలవ ఉండే పెట్రోల్‌లో స్టెబిలైజర్ ముందే కలిపి, అది కార్బురేటర్ దాకా చేరేలా కాసేపు నడిపి, తర్వాత దించండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే ఇంకా జాగ్రత్త, అది గాలిలో తేమని లాక్కుంటుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్‌లో రమారమి అర శాతం నీళ్లు చేరితే చాలు, ఇథనాల్, నీళ్లు కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతాయి. ఇంజిన్ పీల్చేది ఆ అడుగు నుంచే కదా. అలా విడిపోయిన పెట్రోల్‌ని కదిపి వాడుకోవాలని చూడొద్దు, తీసేయాల్సిందే.

(ఇంకో ప్రశ్న: పడవ లోపల బిగించే ఇంజిన్‌కి కారు కార్బురేటర్ పెట్టుకోవచ్చా? చూడ్డానికి ఒకేలా ఉంటాయి, తక్కువకి వస్తుంది.)

వద్దండీ. దీని మీద నేను ఎవరితోనూ రాజీపడను. పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. కారులో అది రోడ్డు మీద పడి చెదిరిపోతుంది, పడవలో అడుగున బిల్జిలోకి దిగి అక్కడే కూర్చుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే పడవ కార్బురేటర్‌లో బౌల్ గాలి గొట్టాలు వంగి లోపలి మూతి వైపే తిరిగి ఉంటాయి, నీడిల్ నిలవక పొంగినా పెట్రోల్ ఇంజిన్‌లోకే పోవాలి గానీ బయట కారకూడదు. థ్రాటిల్ ఇరుసుకి కూడా కారిన పెట్రోల్‌ని లోపలికే మళ్లించే గాళ్లు ఉంటాయి. అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన ప్రకారం ఫ్లోటు వాల్వు తెరుచుకుని ఉండిపోయినా సరే, అలాంటి కార్బురేటర్ 30 సెకన్లలో 5 సీసీ కంటే ఎక్కువ కారకూడదు. మీద మంట బయటికి రాకుండా ఆపే ఫ్లేమ్ అరెస్టర్ ఉండాలి, దాని స్థానంలో కారు ఎయిర్ ఫిల్టర్ పెట్టకూడదు. కార్బురేటర్ విప్పి బిగించాక మొదటిసారి స్టార్ట్ చేసేముందు బిల్జిలోని ఆవిరిని బయటికి తోసే బ్లోయర్ 4 నిమిషాలు తిప్పండి, అప్పుడు కూడా వంగి వాసన చూడండి. ముక్కుకి ఏమాత్రం పెట్రోల్ తగిలినా తాళం తిప్పొద్దు.

ఇదిగో ఈ చివరన రెండూ పెట్టాను, ఎడమది కారుది, కుడిది పడవది. గాలి గొట్టాలు ఎటు తిరిగాయో మీరే వచ్చి చూడండి. స్క్రూడ్రైవర్లు అక్కడే ఉన్నాయి, చేత్తో విప్పి చూడాలనుకునేవాళ్లు ఈ కోసిన ముక్క దగ్గర నుంచి మొదలుపెట్టండి.